మీరడిగారు: సరిహద్దు దాటితేనే సైన్సు సొమ్ము

ఐరోపా సమాఖ్య (ఈయూ) పరిశోధనలకిచ్చే డబ్బు గురించి ఈమధ్య ఉత్తరాలు ఎక్కువయ్యాయి. పిహెచ్‌డీ ముగించబోతున్నవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, చిన్న కంపెనీలవాళ్లు, ఊరికే కుతూహలం కొద్దీ అడిగేవాళ్లు, అందరూ రాశారు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం. డబ్బు అంకెలన్నీ యూరోల్లో, మనకు అలవాటైన కోట్ల లెక్కలో ఇస్తున్నాం.

ప్ర: జర్మనీకి జర్మనీ సైన్సు శాఖ ఉంది, ఫ్రాన్స్‌కు ఫ్రాన్స్‌ది ఉంది. మధ్యలో సమాఖ్య కేంద్రం బ్రసెల్స్‌కు పరిశోధనతో ఏం పని? మన కేంద్రం, రాష్ట్రాల్లాంటి ఏర్పాటేనా?
— విశ్రాంత అధ్యాపకుడు, నల్గొండ

జ: మనతో పోల్చుకుంటే లెక్క తలకిందులవుతుంది. మన దగ్గర ప్రభుత్వాలు పరిశోధనకు పెట్టే డబ్బులో సింహభాగం ఢిల్లీది, రాష్ట్రాలది కొసరు. ఐరోపాలో ప్రభుత్వాలు పెట్టే ప్రతి పది యూరోల్లో తొమ్మిది ఆయా దేశాల ఖజానాల నుంచే వస్తాయి. సమాఖ్య స్థాయిలో ఖర్చయ్యేది ఇంచుమించు ఒక్కటి. ఆ ఒక్క యూరో చుట్టూ ఇంత సందడి ఎందుకంటే, అది దేశంలోపల చేసుకోగలిగిన పనికి సాధారణంగా రాదు. పని సరిహద్దు దాటాలి, లేదా మనిషి దాటాలి, లేదా కనీసం పోటీ ఐరోపా మొత్తానికీ తెరిచి ఉండాలి.

చట్టం కూడా ఆ మేరకే ఉంది. సమాఖ్య పరిశోధన కార్యక్రమాలు పెట్టుకోవచ్చు, అయితే దానివల్ల సభ్యదేశాల అధికారానికి అడ్డు రాకూడదని సమాఖ్య పనితీరుపై సభ్యదేశాల ఒప్పందంలోని 4వ అధికరణం చెబుతుంది. వాణిజ్యంలో బ్రసెల్స్ మాట శాసనం, పరిశోధనలో కాదు. పరిశోధకులు, విజ్ఞానం, సాంకేతికత స్వేచ్ఛగా తిరిగే ‘ఐరోపా పరిశోధన క్షేత్రం’ 179వ అధికరణంలో ఉంది. కొన్నేళ్లకోసారి ఒక పెద్ద కార్యక్రమం చట్టంగా చేయాలన్నది 182వ అధికరణం. దాన్నే ఫ్రేమ్‌వర్క్ ప్రోగ్రామ్ అంటారు. మొదటిది 1984లో మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నది తొమ్మిదోది, పేరు హొరైజన్ యూరప్, కాలం 2021–2027. మొదట అనుకున్న మొత్తం 9,550 కోట్ల యూరోలు. 2024 బడ్జెట్ సవరణలో అందులోంచి సుమారు 210 కోట్లు కోసేశారు.

ఆ డబ్బు మూడు స్తంభాలుగా పోతుంది. పరిశోధకుడు తనకు తోచిన అంశం మీద అడిగేది మొదటి స్తంభం, సుమారు 2,500 కోట్లు. ఐరోపా పరిశోధన మండలి ఈఆర్‌సీ, పరిశోధకుల్ని దేశం మారమనే మేరీ క్యూరీ పథకాలు ఇందులోవే. ఆరోగ్యం, ఇంధనం, ఆహారం, డిజిటల్ లాంటి ఆరు రంగాల్లో బ్రసెల్స్ తానే ప్రశ్న వేసి జవాబు తెమ్మనేది రెండో స్తంభం. సగానికి పైగా సొమ్ము, దాదాపు 5,350 కోట్లు, ఇక్కడే ఉంది. మూడోది కొత్త కంపెనీల కోసం, సుమారు 1,360 కోట్లు.

జీడీపీలో 3 శాతం పరిశోధనకు పెట్టాలని 2002లో బార్సిలోనాలో నాయకులు లక్ష్యం పెట్టుకున్నారు, గడువు 2010. ఇప్పటికీ 2.2 శాతం చుట్టూనే తిరుగుతున్నారు. లక్ష్యం సమాఖ్యది, ఖర్చు పెట్టాల్సింది దేశాలు, ఆ ఖర్చులోనూ మూడింట రెండొంతులు ప్రైవేటు కంపెనీల నుంచి రావాలన్నది అంచనా. ఆజ్ఞ ఇచ్చేవాడి చేతిలో పర్సు లేకపోతే జరిగేది ఇదే.

ప్ర: ఎక్కువ కట్టే జర్మనీ కట్టినంత వెనక్కి లాక్కుంటుందా? బల్గేరియా లాంటి దేశాల గతేమిటి?
— గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జ: హొరైజన్‌లో దేశానికింత అని వాటా లేదు. వాటా పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే ఐరోపా అంతరిక్ష సంస్థ ఈసా ఉంది. అది ఈయూ సంస్థ కాదు. అక్కడ దేశం కట్టినదానికి తగ్గట్టు ఆ దేశపు పరిశ్రమకు కాంట్రాక్టులు తిరిగి వస్తాయి. హొరైజన్‌లో దరఖాస్తుకు వచ్చిన మార్కులే మాట్లాడతాయి. ఆ మార్కులు సహజంగానే దరఖాస్తులు రాయడానికే ప్రత్యేక విభాగం పెట్టుకున్న పెద్ద యూనివర్సిటీలకు ఎక్కువ పడతాయి.

దీనికి విరుగుడుగా ‘వైడెనింగ్’ అని ఒక భాగం పెట్టారు. పోలండ్, రొమేనియా, గ్రీస్, పోర్చుగల్ సహా 15 సభ్యదేశాలు ఆ జాబితాలో ఉన్నాయి. మొత్తం బడ్జెట్‌లో కనీసం 3.3 శాతం దీనికి పోవాలని చట్టం. ఇందులో ‘హాప్ ఆన్’ అనే పద్ధతి ఒకటి సులువైనది. ఈ దేశాలవాళ్లెవరూ లేకుండా ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులోకి, మిగతా భాగస్వాములంతా ఒప్పుకుంటే, అక్కడి సంస్థ ఒకటి తర్వాత చేరవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ల డబ్బు విడిగా వస్తుంది, పాతవాళ్ల వాటా తగ్గదు.

అయినా ఒక చిక్కు తీరలేదు. ప్రాజెక్టు తిరిగిచ్చేది సంస్థ మామూలుగా ఇచ్చే జీతాన్నే. బల్గేరియా రాజధాని సోఫియాలో పరిశోధకురాలు, జర్మనీలోని మ్యూనిక్‌లో పరిశోధకుడు ఒకే ప్రాజెక్టులో ఒకే పని చేసినా ఆవిడకు బల్గేరియా జీతమే, ఆయనకు జర్మనీ జీతమే. దాంతో బాగా పనిచేసేవాళ్లు ఆ ప్రాజెక్టులో పరిచయమైన మ్యూనిక్‌కే వెళ్లిపోతారు. కోడిపిల్లను పెంచి పొరుగింటికి ఇచ్చినట్టు.

మార్కులు దాటినా డబ్బు అందని కొన్ని రకాల దరఖాస్తులకు ‘సీల్ ఆఫ్ ఎక్సలెన్స్’ అని ఒక యోగ్యతా ముద్ర వేస్తారు. దాన్ని చూపిస్తే కొన్ని దేశాలు సొంత డబ్బుతో ఆ పనికి సాయం చేస్తాయి. డబ్బు రానివాళ్లు ఆ కాగితాన్ని దాచుకోకుండా, ఆ దేశంలో అలాంటి పథకం ఉందేమో తప్పక కనుక్కోవాలి.

ప్ర: మా అమ్మాయి హైదరాబాద్‌లో రసాయనశాస్త్రంలో పిహెచ్‌డీ థీసిస్ సమర్పించింది. మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు వేస్తానంటోంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరిని అడగాలి, జీతం నిజంగా అంత వస్తుందా?
— ఒక తల్లి, ఖమ్మం

జ: అమ్మా, థీసిస్ ఇచ్చినంత మాత్రాన చాలదు, గడువు తేదీ నాటికి పిహెచ్‌డీ ఉండాలి. వైవా అయి పట్టా చేతికి రానివాళ్ల సంగతి ఏ యేటికాయేడు నిబంధనల్లో చదువుకోవాలి. కాబట్టి యూనివర్సిటీలో వైవా తేదీ కోసం ఇప్పటినుంచే వెంటపడమనండి. పట్టా వచ్చాక పరిశోధనలో గడిపిన కాలం 8 ఏళ్లు మించకూడదు. పరిశోధన కాని ఉద్యోగం చేసిన కాలం, పిల్లల కోసం ఆగిన కాలం ఆ ఎనిమిదిలోంచి తీసేస్తారు.

ఎక్కువమంది బోల్తాపడేది నివాస నిబంధన దగ్గర. గడువుకు ముందు 36 నెలల్లో, వెళ్లదలచిన దేశంలో నివాసం గానీ ఉద్యోగం గానీ చదువు గానీ 12 నెలలకు మించి ఉండకూడదు. ఉదాహరణకు గడువు 2026 సెప్టెంబరు 10 అనుకోండి. మూడేళ్లు వెనక్కి వెళితే 2023 సెప్టెంబరు 10. ఒకమ్మాయి 2024 ఫిబ్రవరి 1 నుంచి 2025 ఫిబ్రవరి 28 దాకా జర్మనీ ల్యాబ్‌లో పనిచేసిందంటే అవి 13 నెలలు. ఇక ఆ యేడు జర్మనీకి వేయడానికి వీల్లేదు. నెదర్లాండ్స్‌కో స్పెయిన్‌కో నిక్షేపంగా వేయొచ్చు. ఒకేసారి కాకుండా ముక్కలు ముక్కలుగా ఉన్నా కలిపే లెక్కిస్తారు. సెలవుల్లో చూడ్డానికి వెళ్లొచ్చిన రోజులు మాత్రం లెక్కలోకి రావు. ఈ లెక్కకు పౌరసత్వంతో పనిలేదు, ఎక్కడ ఉన్నారన్నదే ముఖ్యం. వార్సాలో పుట్టి పారిస్ వెళ్లి చదువుకున్నావిడ పేరు పెట్టుకున్న పథకం కాబట్టి, ఊరు మారమనడంలో న్యాయం లేకపోలేదు.

భారతీయులకు వర్తించేది ‘యూరోపియన్ ఫెలోషిప్’, 12 నుంచి 24 నెలలు. ‘గ్లోబల్ ఫెలోషిప్’ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది ఈయూ దేశాలు, అనుబంధ దేశాల (సభ్యత్వం లేకున్నా చందా కట్టి హొరైజన్‌లో చేరినవి) పౌరులకు, అక్కడ దీర్ఘకాలంగా స్థిరపడ్డవాళ్లకే. పేరు చూసి మోసపోవద్దు.

గడువు సాధారణంగా సెప్టెంబరులో పడుతుంది. చేరదలచిన ల్యాబ్‌లోని గైడుకు ఉత్తరం ఫిబ్రవరి, మార్చిలోనే వెళ్లాలి. చాలా సంస్థలు ఆసక్తి ఉన్నవాళ్లను పిలుస్తూ ఐరోపా పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైట్ యూరాక్సెస్‌లో ప్రకటనలు పెడతాయి. వాటికి తమ సొంత గడువు ఉంటుంది, అది ఏప్రిల్‌లోనో మేలోనో ముగిసిపోతుంది. ఉత్తరం ఒక్క పేజీ చాలు: ఏ ప్రశ్న మీద పని చేస్తాను, ఆ పని మీ ల్యాబ్‌లోనే ఎందుకు కుదురుతుంది, ఇంతవరకు నేను చేసిందేమిటి. ‘గౌరవనీయులైన సర్, మీ దగ్గర ఏ ప్రాజెక్టయినా చేస్తాను’ అనే ఉత్తరాలు అక్కడి ప్రొఫెసర్లకు రోజూ వస్తాయి. వాటిని చదవరు.

దరఖాస్తులో అసలు పరీక్ష బీ1 అనే భాగం, 10 పేజీలు. పదకొండో పేజీ రాస్తే పరీక్షకులకు కనిపించదు, వ్యవస్థే దాన్ని మరుగుపరుస్తుంది. మార్కులు సైన్సు నాణ్యతకు 50 శాతం, ప్రభావానికి 30, పని జరిగే తీరుకు 20. మనవాళ్లు పది పేజీల్లో ఎనిమిది రసాయనశాస్త్రమే రాసి, మిగతా రెండింట్లో తక్కిన సగం మార్కుల్ని ఇరికిస్తారు. ఇక్కడే పోతాయి మార్కులు. ప్రభావం అంటే ‘ఈ పని సమాజానికి మేలు చేస్తుంది’ అని రాయడం కాదు. రెండేళ్లు ముగిశాక ఆ అమ్మాయి చేతికి ఏ కొత్త నైపుణ్యం వస్తుంది, దానితో ఏ ఉద్యోగం వైపు పోతుంది, ఫలితం ఎవరికి ఏ నెలలో ఏ రూపంలో అందుతుంది అన్నవి చెప్పాలి. పని తీరు భాగంలో నెలలవారీ పట్టిక ఉండాలి, అందులో ఒక పద్ధతి విఫలమైతే పట్టుకునే రెండో దారి కూడా ఉండాలి. ఎక్కడా ఇబ్బంది రాదని రాసినవాళ్లను ఏ పరీక్షకుడూ నమ్మడు.

పోటీ మాటల్లో చెబితే తెలియదు. 2024లో 10,360 దరఖాస్తులు వస్తే 1,696 మందికి వచ్చింది. 2025లో దరఖాస్తులు 17,058కి పెరిగాయి. 90 మార్కులు దాటినా చేయి జారుతున్నవి ఉన్నాయి. నిబంధనల్లో చెప్పిన మార్కుల కంటే తక్కువ వస్తే అదే సంస్థతో మరుసటి యేడు మళ్లీ వేయనివ్వరు. అందుకని సగం ఉడికిన దరఖాస్తు పంపడం కంటే ఒక యేడు ఆగడమే లాభం.

ఇక జీతం. 2021–24 దరఖాస్తుల్లో నెలకు 5,080 యూరోల జీవన భత్యం, 600 యూరోల మొబిలిటీ భత్యం, కుటుంబం ఉంటే ఇంకో 660 అని ఉండేది. తర్వాత మొత్తాలు పెరిగాయి. కానీ లెక్క తీరు మారలేదు, అది తెలుసుకోండి. జీవన భత్యాన్ని ఆయా దేశపు ధరలనుబట్టి ఒక గుణకంతో పెంచుతారు లేదా తగ్గిస్తారు. ఆపై అందులోంచే యజమాని కట్టాల్సిన సామాజిక భద్రత వాటా పోతుంది, ఆ తర్వాత ఉద్యోగి వాటా, ఆదాయపు పన్ను పోతాయి. ఇక్కడి భాషలో చెప్పాలంటే ఆ అంకె సీటీసీ, చేతికొచ్చేది కాదు. సంస్థ మానవ వనరుల విభాగాన్ని ‘నెలకు చేతికి ఎంత వస్తుంది’ అని ముందే లిఖితంగా అడగొచ్చు, తప్పేమీ లేదు. చాలా దేశాలు పరిశోధకుల వీసాను, చేర్చుకునే సంస్థతో రాసుకునే ‘హోస్టింగ్ అగ్రిమెంట్’ మీద ఇస్తాయి. ఈ వీసాలకు సంబంధించిన 2016 నాటి ఈయూ చట్టం వర్తించే దేశాల్లో పని ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం 9 నెలలు ఉండనివ్వాలి. ఐర్లండ్, డెన్మార్క్ ఆ చట్టంలో లేవు.

ప్ర: ఎమ్మెస్సీ చేశాను. మేరీ క్యూరీ కింద పిహెచ్‌డీ ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ డబ్బు అడుగుతోంది. కట్టొచ్చా?
— విశాఖపట్నం

జ: ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. మేరీ క్యూరీ ‘డాక్టోరల్ నెట్‌వర్క్’లకు విద్యార్థి బ్రసెల్స్‌కు దరఖాస్తు పెట్టడు. యూనివర్సిటీలు ముందే గ్రాంటు గెలుచుకుని, ఆ తర్వాత ఒక్కో పిహెచ్‌డీ స్థానాన్ని ఉద్యోగంలా ప్రకటిస్తాయి. ఆ ప్రకటనలు యూరాక్సెస్‌లో ఉచితంగా చూడొచ్చు. నేరుగా ఆ ప్రొఫెసర్ల దగ్గర ఇంటర్వ్యూ ఉంటుంది. అప్పటికే పిహెచ్‌డీ ఉన్నవాళ్లు పనికిరారు. పైన చెప్పిన 36 నెలల లెక్క ఇక్కడా వర్తిస్తుంది, కాకపోతే ఉద్యోగంలో చేరే తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తారు. మధ్యవర్తి చేయగలిగిన పని ఇందులో ఏదీ లేదు.

ప్ర: నీటిలో లోహాలను కొలిచే సెన్సర్లు తయారుచేసే చిన్న కంపెనీ మాది. ఇటలీ యూనివర్సిటీ ఒకటి తమ హొరైజన్ ప్రాజెక్టులో చేరమంటోంది. మాకు డబ్బు వస్తుందా? పేటెంటు ఎవరికి పోతుంది?
— హైదరాబాద్

జ: చేరవచ్చు. డబ్బు మాత్రం దానంతటది రాదు. భారత్ ఇప్పటికి హొరైజన్ అనుబంధ దేశం కాదు. అనుబంధం లేని పేద, మధ్యాదాయ దేశాలు చాలావాటికి హొరైజన్ తనంతట తాను డబ్బిస్తుంది, కానీ చైనా, బ్రెజిల్‌తో పాటు మనమూ ఆ జాబితాకు బయటే ఉన్నాం. రెండు సందర్భాల్లో వస్తుంది: ఆ ప్రకటనలోనే భారత సంస్థలకు ఇస్తామని రాసి ఉండాలి, లేదా మీరు లేకుండా ప్రాజెక్టు జరగదని మంజూరు చేసేవాళ్లు ఒప్పుకోవాలి. రెండోది అరుదు. ‘వీళ్ల సెన్సర్ బాగుంటుంది’ అంటే సరిపోదు, అలాంటిది ఐరోపాలో లేదని చూపించాలి.

మామూలుగా మీలాంటివాళ్లు చేరేది ‘అసోసియేటెడ్ పార్ట్‌నర్’గా. పని చేస్తారు, ఖర్చు మీది, గ్రాంటు ఒప్పందంలో సంతకం మీది కాదు. మరి లాభమేమిటంటే, పరీక్షించుకోవడానికి అక్కడి నదులు, అక్కడి ల్యాబులు, అక్కడి కొనుగోలుదారులు. కొన్ని ప్రకటనలకు మన ప్రభుత్వ శాఖలు జతగా డబ్బిస్తాయి. నీటి విషయంలో, ఫ్లూ టీకాల విషయంలో గత కార్యక్రమం కింద అలాగే జరిగింది. అప్పుడు ఢిల్లీకి విడిగా ఇంకో దరఖాస్తు పెట్టాలి, గడువూ వేరే. ఒకటి పెట్టి రెండోది మరిచిపోయినవాళ్లు చివరికి సొంత జేబు తడుముకున్నారు.

ఇటలీవాళ్లు ‘సబ్‌కాంట్రాక్టుగా మీకు చెల్లిస్తాం’ అనొచ్చు. కుదురుతుంది, కానీ జాగ్రత్త. సబ్‌కాంట్రాక్టు పనిలో కొద్ది భాగానికే ఉండాలి, ఎందుకో దరఖాస్తులోనే రాయాలి, ధరకు తగ్గ నాణ్యత చూసి ఎంచుకున్నట్టు కాగితాలుండాలి. పేరు ముందే ఖాయం చేసుకుని తర్వాత కొటేషన్లు పుట్టిస్తే ఆడిట్‌లో ఆ మొత్తం కొట్టేస్తారు, ఇటలీవాళ్లు వెనక్కి కట్టాలి.

వాళ్లు మీతో బేరమాడేముందు వాళ్ల లెక్క ఎలా ఉంటుందో తెలిసుంటే మంచిది. ఒక భాగస్వామికి జీతాలు 2,00,000 యూరోలు, ప్రయాణాలు 20,000, యంత్రాల తరుగుదల 30,000, సబ్‌కాంట్రాక్టు 40,000 అనుకోండి. పరోక్ష ఖర్చుల కింద నేరు ఖర్చు మీద 25 శాతం కలుపుతారు, సబ్‌కాంట్రాక్టును అందులో కలపరు. అంటే 2,50,000 మీద 62,500. మొత్తం 3,52,500. ఇది పరిశోధన ప్రాజెక్టయితే నూటికి నూరు వస్తుంది. మార్కెట్టుకు దగ్గరి ‘ఇన్నొవేషన్’ ప్రాజెక్టయితే లాభాపేక్ష కంపెనీకి 70 శాతమే, 2,46,750. మిగతాది కంపెనీ పెట్టుకోవాలి. యూనివర్సిటీకి అక్కడా పూర్తిగా వస్తుంది. 60,000 యూరోల యంత్రం కొన్నా మొత్తం రాదని గమనించండి, మామూలుగా ప్రాజెక్టు కాలంలో అరిగినంతే లెక్క. జీతం లెక్క రోజుల్లో ఉంటుంది: యేటి జీతం ఖర్చును 215తో భాగిస్తే ఒక రోజు ధర. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో నెలనెలా సంతకాలతో ఉండాలి. ఆడిట్లో ఎక్కువగా దొరికే తప్పు ఇదే, సెలవులో ఉన్న రోజు ప్రాజెక్టు పని చేసినట్టు రాసుకోవడం. ‘లంప్‌సమ్’ రకం గ్రాంటుల్లో ఈ రోజుల లెక్క సమాఖ్య పాలన చూసే ఐరోపా కమిషన్‌కు చూపనక్కర్లేదు. కానీ ఒప్పుకున్న పని విభాగం పూర్తికాకపోతే దాని డబ్బు ఆగిపోతుంది.

పేటెంటు సంగతి: ఫలితం ఎవరు పుట్టిస్తే వాళ్లది. ఇద్దరు కలిసి చేసి, ఎవరిది ఎంతో విడదీయలేకపోతే ఉమ్మడి. మీరు వెంట తెచ్చుకునే పాత జ్ఞానాన్ని ‘బ్యాక్‌గ్రౌండ్’ అంటారు. దాన్ని భాగస్వాముల మధ్య రాసుకునే కన్సార్షియం ఒప్పందం అనుబంధంలో పేరుపేరునా రాయాలి, ఏది ఇవ్వరో అదీ రాయాలి. సెన్సర్ పూత తయారీ విధానం ఇవ్వకూడదనుకుంటే ‘పూత తయారీ విధానం మినహా’ అని ఒక్క వాక్యం చాలు. చాలామంది ఆ అనుబంధాన్ని ఖాళీగా వదిలి సంతకం పెడతారు. ఇంకోటి కూడా చూడండి. ఈయూ డబ్బుతో పుట్టిన ఫలితాన్ని అనుబంధం లేని దేశానికి అమ్మినా, ప్రత్యేక హక్కుతో ఇచ్చినా, ఒప్పందంలో ఆ షరతు ఉంటే కమిషన్ అభ్యంతరం చెప్పగలదు. ఇటలీవాళ్ల ఫలితం రేపు మీరు కొనుక్కుందామనుకుంటే ఆ షరతు ఉందో లేదో ముందే అడగండి.

ఇంతకూ ప్రాజెక్టు చెల్లాలంటే మూడు వేర్వేరు దేశాల నుంచి మూడు స్వతంత్ర సంస్థలు ఉండాలి, ఒక్కటైనా సభ్యదేశానిది, మిగతా రెండూ సభ్యదేశాలవో అనుబంధ దేశాలవో. ఆ మూడింటిలో మీరు లెక్కకు రారు. మీరు నాలుగో కుర్చీ.

ప్ర: ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. ఉద్యోగం వదలకుండా ఈఆర్‌సీ గ్రాంటు అడగొచ్చా?
— సంగారెడ్డి

జ: ఏ దేశస్థుడైనా అడగొచ్చు, కానీ గ్రాంటు తీసుకునే సంస్థ ఈయూలోనో అనుబంధ దేశంలోనో ఉండాలి, మీ పని కాలంలో సగం అక్కడ గడవాలి. తొలిదశ పరిశోధకుల ‘స్టార్టింగ్ గ్రాంట్’ ఐదేళ్లకు 15 లక్షల యూరోల దాకా వస్తుంది, ఇక్కడ పూర్తికాలం ఉద్యోగం చేస్తూ అది సాధ్యం కాదు. ఒక్క దారి ఉంది. ఇద్దరి నుంచి నలుగురు శాస్త్రవేత్తలు కలిసి అడిగే ‘సినర్జీ గ్రాంట్’లో ఒకరు ప్రపంచంలో ఎక్కడి సంస్థలోనైనా ఉండవచ్చు, ఆయన వంతు డబ్బు అక్కడికే వస్తుంది. ఆరేళ్లకు మొత్తం కోటి యూరోల వరకు. మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ప్ర: బ్రిటన్ ఈయూ నుంచి వెళ్లిపోయింది కదా, మా అబ్బాయి లీడ్స్‌లో హొరైజన్ ప్రాజెక్టులో పనిచేస్తున్నాడెలా?
— విజయవాడ

జ: సభ్యత్వం వేరు, అనుబంధం వేరు. బ్రిటన్ 2024 జనవరి 1 నుంచి అనుబంధ దేశం. మధ్యలో మూడేళ్లు ఉత్తర ఐర్లండ్ వాణిజ్య నిబంధనల తగవుతో ఆగిపోయింది. అప్పట్లో ఈఆర్‌సీ గెలిచినవాళ్లు గ్రాంటు తీసుకుని ఐరోపాకు తరలాలి, లేదా దాన్ని వదులుకుని బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన బదులు సొమ్ము తీసుకోవాలి. ఇప్పుడు బ్రిటన్ ఏటా సగటున 243 కోట్ల యూరోలు హొరైజన్‌కు కడుతుంది. స్విట్జర్లండ్‌దీ ఇదే కథ. 2021లో బ్రసెల్స్‌తో చర్చలు తెగి బయటపడి, 2025 నుంచి మళ్లీ లోపలికి వచ్చింది. సైన్సులో తప్పు లేకపోయినా రాజకీయంలో తలుపు మూసుకుంటుందనడానికి ఈ రెండూ చాలు.

అనుబంధాల్లోనూ తేడా ఉంది. కెనడా, దక్షిణ కొరియా, న్యూజిలాండ్ రెండో స్తంభంలో మాత్రమే చేరాయి. కాబట్టి కెనడా యూనివర్సిటీ ఈఆర్‌సీ ‘స్టార్టింగ్ గ్రాంట్’ తీసుకోలేదు, లండన్ యూనివర్సిటీ తీసుకోగలదు. 2025 సెప్టెంబరులో కమిషన్ ప్రకటించిన భారత్ వ్యూహంలో మన అనుబంధం అవకాశాన్నీ పరిశీలిస్తామని ఉంది. పరిశీలన నుంచి ఒప్పందం దాకా చాలా దూరం. అనుబంధమంటే ఢిల్లీ కూడా ఏటా చందా కట్టాలి.

ప్ర: సెర్న్, ఈటర్ కూడా ఈయూవేనా?
— ఇంటర్ విద్యార్థి, కర్నూలు

జ: జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్ కాదు. అది తన సభ్యదేశాలతో నడిచే వేరే సంస్థ, భారత్ 2017 నుంచి అందులో అసోసియేట్ సభ్యదేశం. అణువుల కేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించే ప్రయోగం కోసం ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ ఏడుగురు భాగస్వాములది. ఈయూ అణుశక్తి సంఘం తరఫున పెద్ద వాటా, సుమారు 45 శాతం, ఐరోపాది. మనమూ భాగస్వాములమే. దాన్ని చుట్టి ఉండే అతిపెద్ద ఉక్కు పాత్ర, క్రయోస్టాట్, గుజరాత్‌లోని హజీరాలో తయారైన భాగాలతో కట్టారు.

ప్ర: 2027తో హొరైజన్ అయిపోతే ఆ తర్వాత?
— పుణె నుంచి ఒక పాఠకురాలు

జ: 2028–2034కు 17,500 కోట్ల యూరోలతో కొత్త హొరైజన్‌ను కమిషన్ 2025 జులై 16న ప్రతిపాదించింది. అంతకుముందు యేడు ఇటలీ మాజీ ప్రధాని మారియో ద్రాగి ఈయూ పోటీతత్వం మీద ఇచ్చిన నివేదిక 20,000 కోట్లు అడిగింది. ప్రతిపాదన అంకెను నమ్ముకోకండి. పోయినసారి 2018 జూన్‌లో ప్రతిపాదిస్తే, 2020 జులైలో దేశాధినేతలు కోత పెట్టారు, ఐరోపా పార్లమెంటు పట్టుబట్టి కొంత వెనక్కి తెచ్చింది, చట్టం 2021 ఏప్రిల్ నెలాఖరుకు గానీ ఆమోదం పొందలేదు. కార్యక్రమం మొదలవ్వాల్సింది ఆ జనవరిలో. ఏడేళ్ల బడ్జెట్‌కు 27 దేశాలూ ఒప్పుకోవాలి, అందుకే ఆలస్యం.

ఈసారి కొత్త చిక్కు ఒకటి ఉంది. పక్కనే పోటీతత్వ నిధి అని ఇంకా పెద్ద పెట్టె పెడుతున్నారు, రెండో స్తంభాన్ని దానికి జతకడతామంటున్నారు. పరిశ్రమకు ఏం కావాలో ఆ నిధి చెబుతుంది, హొరైజన్ ఆ దారిన నడుస్తుంది. కొత్త కంపెనీలకు ఇది బాగుండొచ్చు. ఎవరూ అడగని ప్రశ్న వేసే శాస్త్రవేత్తకు మిగిలేది మొదటి స్తంభమే. దాని వాటా తగ్గకుండా చూడటమే ఈ బేరంలో అసలు విషయమని మా అభిప్రాయం. 2028లో చేరాలనుకునే పోస్ట్‌డాక్‌లు మాత్రం 2027 దరఖాస్తుల మీదే ఆధారపడటం మంచిది.

ప్ర: దరఖాస్తు గడువు 17:00 అంటే మన సాయంత్రం అయిదా?
— తిరుపతి

జ: కాదు, బ్రసెల్స్ అయిదు. ఐరోపాలో వేసవి సమయం నడిచే నెలల్లో మనకు రాత్రి 8:30, చలికాలంలో 9:30. సెప్టెంబరు గడువైతే 8:30. పోర్టల్‌లో ఒకసారి పంపాక కూడా గడువు దాకా ఎన్నిసార్లయినా మార్చి పంపొచ్చు, చివరిదే లెక్క. అందుకని రెండు రోజుల ముందే ఒక పూర్తి ప్రతి పంపేయండి. 8:29కి కరెంటు పోయినా ఆ ప్రతి అక్కడుంటుంది.